ఉపవాసం రోజున రక్తదాన శిబిరం

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ల్యాబ్ టెక్నీషియన్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కప్పు కింద పెట్టి, "మేడం గారూ, మీ సర్వీసులో మర్చిపోలేని రోజు ఏదండీ?" అని అడుగుతారు. వాళ్లకి కావలసింది వరదలో పడవెక్కి రక్తం మోసుకెళ్లిన కథ. అలాంటివి నా దగ్గర లేవు. ముప్పై ఏళ్లకి పైగా ఒకే బ్లడ్ బ్యాంకులో, ఒకే కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ల వేలు పొడిచి, చుక్క రక్తం నీలం రంగు మందునీళ్లలో వేశాను. చుక్క మునిగితే ఆ మనిషి రక్తం ఇవ్వడానికి పనికొస్తాడు, తేలితే ఇంటికి పంపాలి. పొడిచే ముందు ఒక ప్రశ్న అడగాలి: "పొద్దున్న ఏం తిన్నారండి?" ఖాళీ కడుపుతో ఉన్నవాళ్ల దగ్గర రక్తం తీస్తే మంచం దిగి రెండడుగులు వేసి దబ్బున పడతారు. నా విద్య అంతా ఇంతే. ఈ మాత్రం తెలిసి కూడా నేను నోరు మూసుకున్న సందర్భం ఒకటుంది. మీరు అడిగారు కాబట్టి అదే చెబుతాను, తర్వాత నన్ననకండి.

మా బ్లడ్ బ్యాంకు డెల్టాలో ఒక చిన్న టౌన్లో, కాలువ గట్టున ఆసుపత్రి ఆవరణలోనే ఉండేది. పైన డాక్టరమ్మ గారు, కింద నేను, ఇద్దరు నర్సులు, ఒక క్యాంపు ఆర్గనైజరు గారు. ఈ ఆర్గనైజరు గారి పని ఊరూరా తిరిగి శిబిరాలు పెట్టించి, రక్తం ఇవ్వమని జనాన్ని ఒప్పించడం. ఈ ఉద్యోగానికి ముందు ఆయన పెళ్లి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవారు. మంచి పాట ఒకటి పడితే జనం దేనికైనా కదిలి వస్తారని ఆయన నమ్మకం. పెళ్లి భోజనాల దగ్గర పదేళ్లు పాడిన మనిషికి ఆ నమ్మకం ఎలా మిగిలిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అక్కడ వినేవాళ్లెవరు, అందరి చూపూ వడ్డన వైపే కదా!

మా దగ్గరికి మూడు వారాలకోసారి ఒక పాప వచ్చేది. ఎనిమిదేళ్లది. తలసీమియా. ఒంట్లో రక్తం తనంతట తాను సరిగ్గా తయారవదు, ఎవరిదో తెచ్చి ఎక్కిస్తూ ఉండాలి. వాళ్ల నాన్న సముద్రం మీద వేటకెళ్లే మనిషి. వేట మానుకుని, రెండు బస్సులు మారి, పాపని భుజాన వేసుకుని వచ్చేవారు. పాపది బి నెగటివ్. ఆ గ్రూపు మనిషి దొరకడమంటే పులస దొరికినట్టే. ఓ నెగటివ్ కూడా పనికొస్తుంది గానీ, అది మరీ గగనం.

నా డ్రాయర్లో ఒక పాత నోటు పుస్తకం ఉండేది. అందులో ఏడుగురి పేర్లు, ఏడుగురూ బి నెగటివ్ వాళ్లే. ఒకసారి ఇచ్చినవాళ్లు మళ్లీ మూడు నెలల దాకా ఇవ్వకూడదు కాబట్టి వంతులు వేసుకుని, పాప వచ్చే రెండు రోజుల ముందు ఒకరికి ఫోన్ చేసేదాన్ని. ఫోన్లో రక్తం మాట ఆఖర్న వస్తుంది. ముందు వాళ్ల అమ్మగారి మోకాళ్ల నొప్పులు, పిల్లల మార్కులు, ఆ ఏడు వరి ఎలా ఉంది, ఇవన్నీ కావాలి. అయ్యాక, "మరి రేపు ఒకసారి వస్తారా అండీ?" అనాలి. వచ్చేసేవారు. అలా మూడేళ్లు పాపకి ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇది చూసి ఆర్గనైజరు గారికి జాలేసింది. "ఇంకా ఒక్కొక్కరికీ ఫోన్లేంటండి మేడం గారూ! గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే ఏడుగురేంటి, ఏడు వందల మంది వస్తారు" అన్నారు. అని, నా ఏడుగురినీ తీసుకెళ్లి 'రక్తబంధువులు' అనే వాట్సాప్ గ్రూపులో వేసేశారు. ఆ గ్రూపు నెల తిరక్కుండా నిండిపోతే రెండోది పెట్టారు, అదీ నిండితే మూడోది. అంత మంది రక్తబంధువులు ఏం చేసేవారంటారా? పొద్దున్నే గులాబీ పువ్వుతో శుభోదయం. మధ్యాహ్నం అమ్మకానికి స్థలం. సాయంత్రం ఎక్కడో వేరే రాష్ట్రంలో ఎవరికో అర్జెంటుగా రక్తం కావాలని ఎప్పటిదో పాత మెసేజ్, దాని కింద వరసగా దండం బొమ్మలు. ఆ రోగికి నయమైపోయి మనవల్ని ఎత్తుకుని ఉంటాడు, మనవాళ్లు మాత్రం ఇంకా దండాలు పెడుతూనే ఉన్నారు.

తర్వాత పాట మొదలైంది. రక్తదానం మీద ఆర్గనైజరు గారే రాశారు, బాణీ కట్టారు, ఆడగొంతు కావాలన్నారు. మా లూథరన్ చర్చి క్వయర్‌లో నేను పెళ్లి కాకముందు నుంచీ పాడుతున్నాను. "మీరే పాడాలి మేడం గారూ" అన్నారు. నేను వద్దు వద్దంటూనే నాలుగు రోజులు ఇంట్లో అల్లం రసం తాగాను. మా ఆయన నవ్వితే నవ్వనీ అనుకున్నాను. తీరా ఆర్గనైజరు గారు మనసు మార్చుకుని, కార్తీకమాసం వస్తోంది కదా అని, పాటని శివుడి భజన ఫక్కీలోకి తిప్పేశారు. "చుక్క ఇస్తే చాలునయ్యా, లెక్కలేని పుణ్యమయ్యా" అని పల్లవి. రికార్డింగు రోజు గురించి నేనడిగితే, "అయిపోయిందండి. మీకు ఇబ్బందేమోనని వేరేవాళ్లతో పాడించేశాం" అన్నారు. నాకు ఇబ్బందని నేను ఎవరితోనూ అనలేదు. నా తరఫున ఇబ్బంది కూడా ఆయనే పడిపోయారు. మా జిల్లా మర్యాదలు ఇలాగే ఉంటాయి, చెంపదెబ్బ కొట్టినా "అండి" అంటూ కొడతారు.

ఒళ్లు మండింది. ఆ మంట చల్లారకముందే మీటింగు పెట్టారు. భారీ శిబిరం. ఎక్కడ? శివాలయం పక్కన. ఎప్పుడు? కార్తీకంలో మొదటి సోమవారం. "పంచారామాలు చుట్టొచ్చే బస్సులు కూడా ఆగుతాయండి, వేల మంది జనం" అంటూ ఆర్గనైజరు గారు చేతులు బార్లా చాపి చూపించారు. డాక్టరమ్మ గారు ఫోన్లో ఎవరితోనో రక్తం సంచుల సరఫరా గురించి గొడవపడుతూ, సరే సరే అన్నట్టు తలూపారు.

నాకు వెంటనే వెలిగింది. కార్తీక సోమవారం నాడు ఊరంతా ఉపవాసం. సాయంత్రం చుక్క చూసేదాకా మంచినీళ్లు తప్ప ముట్టనివాళ్లున్నారు. ఉపవాసం ఉన్నవాళ్ల దగ్గర రక్తం తీయకూడదు. ఒక చెవిలో ఉపవాసం, ఒక చెవిలో రక్తదానం పెట్టుకుని, రెంటినీ కలపడం అక్కడ ఒక్కరికీ తోచలేదు. నేను నోరు తెరిచాను. "అది కాదండీ, ఆ రోజు..." అన్నాను. ఆర్గనైజరు గారు చిరునవ్వు నవ్వి, "మా పండగల సంగతి మీకంతగా తెలీదు కదండీ మేడం గారూ, అవన్నీ మేం చూసుకుంటాంలెండి" అన్నారు.

నేను పుట్టింది ఆ ఊళ్లోనే. మా ఇంటికీ గుడికీ మధ్య రెండు వీధులు. చిన్నప్పుడు కార్తీకంలో తెల్లారకుండానే గుడి మైకు లేపితే లేచి చదువుకున్నదాన్ని. నాకు తెలీదట. సరే బాబూ, మీరే చూసుకోండి అనుకుని నోరు మూశాను. మూయడమే కాదు, లోపల్లోపల ఒక రకమైన సంతోషం కూడా కలిగింది. ఆ రోజు ఈయన మొహం ఎలా ఉంటుందో చూడాలని వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాను. నిజం చెబుతున్నాను కదా, మొత్తం చెప్పాలి.

ఇక్కడే అసలు తప్పు ఉంది. శిబిరానికి ముందు వారం పాప గురువారం రావాలి. ఆర్గనైజరు గారు వాళ్ల నాన్నకి ఫోన్ చేసి, "నాలుగు రోజులు ఆగి సోమవారం రండి, బి నెగటివ్ వాళ్లు ఎంతమంది వస్తున్నారో చూద్దురు గానీ" అన్నారు. నా ముందే చేశారు. నేను విన్నాను. నోటు పుస్తకం డ్రాయర్లోనే ఉంది, డ్రాయరు నా మోకాలికి తగులుతూనే ఉంది. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. ఇంత టెక్నాలజీ ఉండగా నా ఫోన్లెందుకులే అని అలిగి కూర్చున్నాను.

పాట మాత్రం, ఉన్నమాట చెప్పుకోవాలి, పేలిపోయింది. ఆటోల్లో అదే, టిఫిన్ సెంటర్లలో అదే, రైసు మిల్లు లారీల్లో అదే. ఆడపిల్లలు ఆ పాటకి డాన్సులు చేసి ఫోన్లలో పెట్టారు. మూడు గ్రూపుల్లోనూ "సోమవారం వస్తున్నాం", "తప్పకుండా అండి" అంటూ మెసేజీలు. మీరు బయట జిల్లాల నుంచి వచ్చినవాళ్లయితే ఒకటి తెలుసుకోవాలి. మా దగ్గర 'రాను' అనే మాట ఎవరి నోటా రాదు. "తప్పకుండా వస్తానండి" అంటే రారు. "చూస్తానండి" అంటే చూడరు కూడా. ఎవరైనా "కుదురుతుందో లేదోనండి" అన్నారంటే ఆ మనిషి మీద ఆశ పెట్టుకోవచ్చు, కనీసం ఆలోచించాడు.

సోమవారం వచ్చింది. గుడి ముందు షామియానా, ఆరు మంచాలు, రెండు పెద్ద స్పీకర్లు, నా బల్ల, నా నీలం నీళ్లు. జనం ఇసక వేస్తే రాలనంత. ఒకాయన పొద్దున్నే తడి బట్టల్తో, విభూతి రేఖలతో నా ముందు కూర్చుని చెయ్యి చాపారు.

"పొద్దున్న ఏం తిన్నారండి?"

"ఏంటమ్మా ఆ మాట!" అంటూ చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "కార్తీక సోమవారం పూటా తింటామా?"

"అయితే ఈరోజు తీయకూడదండి. పడిపోతారు."

ఆయన నా వంకా, గుడి గోపురం వంకా చూసి, "ఇంత భక్తితో వస్తే పనికిరాదంటారేంటి?" అని లేచి వెళ్లిపోయారు. తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత దంపతులు. ఆ తర్వాత ఒక యువజన సంఘం మొత్తం. అందరూ మంచివాళ్లే, అందరూ ఉపవాసమే. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, చుట్టూ అంత రక్తం తిరుగుతుంటే నా ముందు ఒక్క సంచీ నిండలేదు. కొందరు మంచం మీద పడుకుని, చొక్కా చెయ్యి మడిచి, సూది లేకుండానే ఫొటో దిగి వెళ్లారు. ఆర్గనైజరు గారు ఫోను పైకెత్తి లైవ్ పెడుతూ, "జనసంద్రం అండీ, జనసంద్రం!" అంటూనే ఉన్నారు. చివరికి నన్నే మైకులో చెప్పమన్నారు. "టిఫిన్ చేసినవాళ్లు మాత్రమే రక్తం ఇవ్వడానికి రావాలి" అని గుడి ముందు నిలబడి పదిసార్లు చెప్పాను. ఆ మాట విని జనం నన్ను ఎలా చూశారో మీరు ఊహించుకోండి.

పదింటికి డాక్టరమ్మ గారు వచ్చారు. ఖాళీ మంచాలు చూశారు. "వీళ్లందరూ ఫాస్టింగా? ఈ డేటు పెట్టిందెవరు?"

"జనం వస్తారని అండీ..." అన్నారు ఆర్గనైజరు గారు.

"జనం వచ్చారండి. రక్తమేది?"

ఆయన మొహం నేను కోరుకున్నట్టే వాడిపోయింది. నాకు చల్లగా పాయసం తాగినట్టుంది. ఆ చల్లదనం అరగంట ఉంది.

బస్సు దిగి పాప, వాళ్ల నాన్న వచ్చారు. ఎప్పుడూ వచ్చీ రాగానే నా బల్ల మీది పెన్నులు లాగేసే పిల్ల, ఆ రోజు నాన్న భుజం మీద నుంచి తల ఎత్తలేదు. పెదాలు తెల్లగా పాలిపోయాయి. ఆయన మాత్రం జనాన్ని చూసి వెలిగిపోతున్నారు.

"ఆయ్, వచ్చేశామండి మేడం గారూ! అబ్బబ్బ, ఎంత మందండీ! గ్రూపులో చూసి మా ఇంటిదానితో అన్నానండి, ఇంక మన పాపకి బెంగ లేదే అని. ఈ పాట మా పేటంతా వచ్చండి. పాపకీ వచ్చు. పాడమ్మా, మేడం గారికి వినిపించు."

పాప "చుక్క ఇస్తే..." అని మొదలుపెట్టింది. ఆ రెండు మాటలకే ఆయాసం వచ్చి ఆగిపోయింది.  వేలు పొడిచి చూస్తే హిమోగ్లోబిన్ అయిదున్నర. ఎప్పుడూ ఏడుకి తగ్గనిచ్చేవాళ్లం కాదు. డాక్టరమ్మ గారు స్టెతస్కోపు పెట్టి చూసి, "గుండె చాలా వేగంగా కొట్టుకుంటోంది. రేపటి దాకా ఆగలేం, ఈ పూటే ఎక్కించాలి" అని నాతో మెల్లగా అన్నారు. రాజమండ్రి, కాకినాడ, భీమవరం అన్నిచోట్లకీ ఫోన్లు చేశారు. ఎక్కడా లేదు.

పరుగున బ్లడ్ బ్యాంకుకి వెళ్లి డ్రాయర్లోంచి పుస్తకం తెచ్చాను. నంబర్లు వరసగా నొక్కాను. మొదటాయన హైదరాబాద్‌లో ఉన్నారు. రెండో ఆయన కిందటి నెలే వేరే శిబిరంలో ఇచ్చి సర్టిఫికెట్ పుచ్చుకున్నారు. నలుగురు ఉపవాసం. "సాయంత్రం దీపాలు పెట్టుకుని తప్పకుండా వచ్చేస్తామండి" అన్నారు. ఆ తప్పకుండాకి అర్థం నాకు తెలుసు. సాయంత్రం వాళ్లు తిని వచ్చి, ఇచ్చి, మేం పరీక్షలు చేసి ఎక్కించేసరికి మర్నాడే. ఏడో నంబరు నొక్కాను. గుడి క్యూలైన్లోంచి ఆ దిక్కుమాలిన పాటే రింగుటోనుగా మోగింది. స్పీకర్లలో ఒకటి, క్యూలో ఒకటి. తిరిగి చూస్తే రైసు మిల్లు గుమస్తా గారు, పక్కన ఆయన తల్లిగారు.

సైగ చేస్తే ఆయన వచ్చి, షామియానా గుడ్డ వెనక్కి నన్ను తీసుకెళ్లారు. "మేడం గారూ, మీ దగ్గర దాచనండి. పొద్దున్నే కాలువ అవతల హోటల్లో ఉప్మా పెసరట్టు తిన్నానండి. రెండు."

ఎగిరి గంతేసినంత పనిచేశాను. "అయితే రండి, పడుకోండి!"

"అమ్మో, మా అమ్మ చూస్తోందండి! ఇరవై ఏళ్లుగా నేను కార్తీక సోమవారాలు ఉంటున్నానని ఊరంతా చెప్పుకుంటుందండి. మీరేమో తిన్నవాళ్లే రావాలని మైకులో చెప్పేశారు. ఇప్పుడు ఆ మంచం ఎక్కానంటే తిన్నానని బోర్డు కట్టుకున్నట్టే కదండీ. సాయంత్రం తప్పకుండా..."

"ఆ మాట అనకండి" అన్నాను. పాపని చూపించాను. ఆయన చూశారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ క్యూలో ఉన్న తల్లి వంక చూశారు. నలభై అయిదేళ్ల మనిషి, మిల్లులో ఇరవై మంది చేత పని చేయించే మనిషి, అడుగు ముందుకి వేయలేకపోయారు. నాకు కోపం రాలేదు. ఒక చిన్న మాట సమయానికి చెప్పలేక ఆగిపోవడమంటే ఏంటో నాకు తెలుసు.

ముందు వెళ్లి స్పీకర్లు ఆపించాను. తర్వాత చెప్పులు విడిచి క్యూ దగ్గరికి వెళ్లాను. ఆ తల్లిగారికి డెబ్భై దాటి ఉంటాయి, చేతిలో ఒత్తుల పళ్లెం.

"అమ్మగారూ, అదిగో ఆ కుర్చీలో పాపని చూశారా? ఈ పూట రక్తం ఎక్కకపోతే కష్టమండి. మీ అబ్బాయిది ఆ పాప గ్రూపే."

"అయితే తీసుకోండమ్మా. నన్నడుగుతారేంటి?"

"ఉపవాసం ఉన్నవాళ్ల దగ్గర తీయకూడదండి." ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, గమనించండి. వాళ్లబ్బాయి ఉపవాసం ఉన్నారని నేనెక్కడా అనలేదు.

ఆవిడ పాపని చాలాసేపు చూశారు. గుడి వైపు తిరిగి ఏదో అనుకున్నారు. "ఒరేయ్, ఇలా రా" అని కేకేశారు. గుమస్తా గారు తలొంచుకుని వచ్చి నిలబడ్డారు. "పద, తిందువు గాని."

"అమ్మా, సోమవారం కదే..." అన్నారాయన. ఏం నటన!

"శివుడికి నేను చెప్పుకుంటానులే. పసిపిల్ల ప్రాణం కంటే నీ సోమవారం గొప్పదేం కాదు. నీ బదులు నేను రేపు కూడా ఉంటాను, పద."

నేను గాభరాపడి, "మీరెందుకండీ రేపు కూడా..." అన్నాను. ఆవిడ విననే లేదు. ఒత్తుల పళ్లెం నా చేతిలో పెట్టి, కొడుకు చెయ్యి పట్టుకుని, దగ్గరుండి హోటలుకి తీసుకెళ్లారు. వెళ్లింది ఏ హోటలుకి? ఆ హోటలుకే. ఎదురుగా కూర్చుని నాలుగు ఇడ్లీ, ఒక గారె తినిపించారట. వడ్డించే మనిషి "మళ్లీ వచ్చారేంటండీ" అనబోతే, గుమస్తా గారు బల్ల కింద నుంచి కాలు తొక్కి ఆపారట. ఇది ఆయనే తర్వాత చెప్పారు. అరగంటలో తిరిగొచ్చేసరికి కడుపు నిండిపోయి గుమస్తా గారికి ఊపిరి ఆడటం లేదు. ఆవిడ నా చెవిలో, "చూడమ్మా, ఎంత బాధపడుతున్నాడో. ఇరవై ఏళ్లలో ఎన్నడూ తప్పలేదు" అన్నారు.

"అవునండి" అన్నాను. ఆదివారం ఆదివారం చర్చిలో నిలబడి పాడే నోటితోనే అన్నాను.

చుక్క నీలం నీళ్లలో వేస్తే బుడుంగుమని మునిగింది. సంచీ నిండుతున్నంతసేపూ ఆవిడ కొడుకు నుదుటి మీద చెయ్యి వేసి నిలబడ్డారు. క్యూలో ఉన్నవాళ్లు ఇదంతా చూశారు. ఇంకో ముగ్గురు, నలుగురు తల్లులు కొడుకుల్ని హోటలు వైపు తోశారు. మధ్యాహ్నానికి మరో అయిదుగురు ఇచ్చారు. వాళ్లలో ఎంతమంది అప్పుడే మొదటిసారి తిన్నారో నేనడగలేదు, వాళ్లూ చెప్పలేదు. పరీక్షలు చేసి, సాయంత్రం దీపాల వేళకి పాపకి ఎక్కించడం మొదలుపెట్టాం. సగం సంచీ ఎక్కేసరికి పిల్ల లేచి కూర్చుని బిస్కెట్లు అడిగింది. నర్సుల గదిలోకి వెళ్లి కాసేపు ఏడ్చాను.

మర్నాడు గ్రూపులన్నిటిలో 'ఒక పాట ఒక ప్రాణం నిలిపింది' అని ఫొటో వచ్చింది. ఆర్గనైజరు గారికి ఏదో క్లబ్బువాళ్లు శాలువా కప్పారు. ఆయన చెడ్డవారు కాదు, శాలువా తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టి, "ఆ రోజు మీటింగులో మీరు ఏదో అనబోయారు. ఉపవాసాల గురించేనాండీ?" అని అడిగారు. మొహం చిన్నబోయి ఉంది. అప్పుడైనా సరిగ్గా మాట్లాడొచ్చు కదా? నేను ఊరుకుంటానా! "మీ పండగల సంగతి మాకేం తెలుస్తుందండీ" అన్నాను.  ఆ తర్వాత నా ఏడుగురిని నాకు వదిలేశారు, నేను మళ్లీ మోకాళ్ల నొప్పుల నుంచి మొదలుపెట్టి ఫోన్లు చేసుకున్నాను.

పిల్లలూ, మీకు చెప్పేదేమిటంటే, ఆఫీసు అన్నాక అలకలు ఉంటాయి. మర్యాదగా అవమానించేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. అలగండి, తప్పులేదు, నేను ఇప్పటికీ అలుగుతాను. మనం అలిగితే ఎవరికి దెబ్బ తగులుతుందో ఒకసారి చూసుకుని అలగండి. నా అలక ఆర్గనైజరు గారికి తగలాలి, తగిలింది ఎవరికో మీరు చూశారు.

మూడు వారాల తర్వాత పాప నాన్న వచ్చినప్పుడు, చుట్టూ చూసి, కాగితం పొట్లం ఒకటి నా చేతిలో పెట్టారు. "ఎండు రొయ్యలండి. వీళ్లంతా కార్తీకంలో నీచు ముట్టరు కదండీ, మీ ఒక్కరికే తెచ్చాను. ఆ రోజు మీరు లేకపోతే ఏమైపోయేదోనండి. మీరు అన్నీ ముందే కనిపెట్టేస్తారండి, ఆయ్" అన్నారు. తీసుకున్నాను. వంకాయలో వేసి వండితే మా ఆయన బ్రహ్మాండంగా ఉందన్నారు. నాకు ముద్ద దిగలేదు.

పాప నాన్నకి నిజం చెప్పాలని వాళ్లు వచ్చిన ప్రతిసారీ అనుకునేదాన్ని. సోమవారం పనికిరాదని నాకు ముందే తెలుసునండీ, గురువారం నాడే ఒక్క ఫోన్ చేస్తే మీ పిల్ల అంత కష్టపడేది కాదండీ అని. చెప్పలేదు. పాప ఇప్పుడు పదో తరగతి. నా రిటైర్మెంటు సభకి ఆయన వేట మానుకుని వచ్చారు. స్టేజీ ఎక్కి, అందరూ చూస్తుండగా వంగి, నా కాళ్లకి దండం పెట్టారు. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు. పెట్టించుకున్నాను.